చేతనున్న టికెట్లు



హైటెక్ సిటీలో కంప్యూటరు ఉద్యోగం చేసే ఒక విశ్వాసి ఇంట ఇటీవల యువతీయువకులు ‘టికెట్ టు రైడ్’ ఆడుతుండగా చూశాను. అలన్ ఆర్. మూన్ రూపొందించిన ఈ ఆట 2004లో వెలువడింది. ఒక్కొక్కరికి 45 రైలుపెట్టెలు. రంగుల కార్డులు కూర్చి, ఊరికీ ఊరికీ మధ్య దారి వేయాలి. ఏ ఊళ్లను కలపాలో చెప్పే టికెట్లను ఎవరికీ చూపరు. పూర్తిచేస్తే మార్కులు కలుస్తాయి. చేయకపోతే అన్నే తీసివేస్తారు.

ఒక యువకుడు ఆశపడి టికెట్లమీద టికెట్లు తీసుకున్నాడు. ఎవరి పెట్టెలైనా రెండుకో అంతకు తక్కువకో దిగితే, అందరికీ ఒక్కొక్క వంతే మిగులుతుంది. ఆ ఘడియ అతడనుకున్నదానికన్నా ముందే వచ్చింది. చేతినిండా టికెట్లు, వేయని దారులు!

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్కచూచుకోవాలని ప్రభువు బోధించారు (లూకా 14:28). 1998లో ప్రారంభమైన సైబర్ టవర్స్ చుట్టూ ఎన్నో గోపురాలు లేచాయి. మరి వాటిలో పనిచేసే మనం దైవసన్నిధిలో చేసిన వివాహ ప్రమాణం, బిడ్డ జ్ఞానస్నానంనాడు పలికిన మాట, ఊరిలో తల్లిదండ్రులకిచ్చిన మాట ఏమయ్యాయి? కొత్త బాధ్యతలకు “సరే” అనే ముందు ఈ పాత టికెట్లను చూచుకున్నామా?

ఆటలో ఉంచుకున్న టికెట్టును తిరిగి ఇవ్వలేము, తప్పిన మార్కులు పోయినట్లే. దేవుడు అంతకన్నా దయగలవాడు. పాపసంకీర్తనంలో క్షమించి, మరల దారి వేయమంటాడు. వంతు మిగిలి ఉండగానే వేద్దాం.