గోడ అవతలి మందారం

విశాఖపట్నంలో వేకువ నడకకు బయలుదేరేవాళ్లలో కొందరి చేతుల్లో ఒక ప్లాస్టిక్ కవరు ఉంటుంది. ఇంకొందరి చేతిలో కొస వంచిన కర్ర కూడా. సీతమ్మధార, ఎంవీపీ కాలనీ, గాజువాక, ఏ వీధైనా ఒకటే. ప్రహరీ దాటి రోడ్డు మీదికి వంగిన నందివర్ధనం కొమ్మను కర్రతో కిందికి లాగుతారు. గుప్పెడు పూలు తుంచి కవర్లో వేసుకుని పక్కింటి మందారం వైపు నడుస్తారు. ఇంటావిడ లేచి తలుపు తీసేసరికి చెట్టు బోసిగా ఉంటుంది. ఆ పూలు అప్పటికే మరో ఇంట్లో దేవుడి పటాల మీదికి చేరిపోయి ఉంటాయి.

దీన్ని దొంగతనం అనడానికి ఎవరికీ నోరు రాదు. ఎవరైనా అడిగినా “దేవుడికే కదండీ” అన్న ఒక్క మాటతో గొడవ సద్దుమణుగుతుంది. ఇంటావిడ కూడా పూజలు చేసుకునే మనిషే. పూల కోసం పోట్లాడితే పాపమనుకుని ఊరుకుంటుంది. అయినా అసలు ప్రశ్న అలాగే ఉండిపోతుంది. ఒకరు పెంచిన పువ్వును చెప్పకుండా కోసి తెచ్చి ఇంకొకరు దేవుడి పాదాల దగ్గర పెడితే, ఆ పూజ ఎవరి ఖాతాలో పడుతుంది?

జవాబు వెతికే ముందు ఆ పువ్వు ఎలా పూసిందో చూడాలి. విశాఖలో ఏడాది వానలో ఎక్కువ భాగం జూన్, నవంబరు మధ్యనే కురిసిపోతుంది. ఆ తర్వాత నెలల తరబడి నేల ఎండుతూనే ఉంటుంది. కొండల వాలులో వెలిసిన కాలనీల్లో ఎర్ర గరపనేల, పోసిన నీరు పోసినట్టే ఇంకిపోతుంది. డాబా మీద మట్టికుండీ అయితే గోడల్లోంచి కూడా తడి ఆరిపోతుంది కాబట్టి ఏప్రిల్, మే నెలల్లో పొద్దున ఒక చెంబు, సాయంత్రం ఒక చెంబు తప్పదు. ఎండుటాకులో, కొబ్బరిపీచో మొదట్లో కప్పితే కాస్త నయం. సముద్రం దగ్గర ఇళ్లలో ఉప్పుగాలికి ఆకుల అంచులు మాడతాయి. పోర్టులో దించే బొగ్గు, ఇనుప ఖనిజం దుమ్ము ఇళ్ల మీద పడుతోందని పాతనగరం జనం ఏళ్ల తరబడి మొత్తుకుంటున్నారు. మనిషికి ఊపిరాడని దుమ్ములో ఆకుకూ ఆడదు. అందుకే అక్కడ మొక్కలకు నీళ్లు పోయడంతో సరిపోదు, ఆకులూ కడగాలి. మందారానికి పిండినల్లి పడితే వేపనూనె కలిపిన నీళ్లు చల్లుతూ వారాల తరబడి కాచుకోవాలి.

మల్లెది ఇంకో తీరు. చలికాలంలో నీళ్లు ఆపేసి, ఆకు దూసి, కొమ్మలు కత్తిరిస్తారు. చూసేవాళ్లకు చెట్టు చచ్చిపోయిందేమో అనిపిస్తుంది. తర్వాత ఎరువు వేసి మళ్లీ నీళ్లు పెడితే వేసవి మొదలయ్యేసరికి మొగ్గ తొడుగుతుంది. ఆ మొగ్గ వెనక మూడు నాలుగు నెలల ఓర్పు ఉంది. ఇక చలిలో విత్తిన పెటూనియా, ఫ్లాక్స్ లాంటి చలికాలపు పూల ముచ్చట మార్చి ఎండకే ముగుస్తుంది. ఎండను తట్టుకుని నిలిచేవి గన్నేరు, నందివర్ధనం, బిళ్లగన్నేరు, శంఖుపువ్వు, కాగితం పూలు. ఇందులో బిళ్లగన్నేరు మడగాస్కర్ నుంచి వచ్చింది, కాగితం పూలు దక్షిణ అమెరికా నుంచి. మన గడపలకు, పండగలకు ఇంత దగ్గరైన బంతి అసలు మెక్సికోది. అక్కడ చనిపోయిన పెద్దలను తలుచుకునే పండగలో ఆ పూలతోనే దారులు అలంకరిస్తారు. ఎక్కడి నుంచి వచ్చావని దేవుడు ఏ పువ్వునూ అడిగినట్టు లేదు.

నీటి సంగతి కూడా చెప్పుకోవాలి. ఈ నగరం తాగే నీరు తాటిపూడి, రైవాడ, మేహాద్రిగెడ్డ జలాశయాల నుంచి, 150 కిలోమీటర్లకు పైగా పారే ఏలేరు కాలువ నుంచి వస్తుంది. ఉక్కు కర్మాగారం దాహం తీర్చేదీ ఆ కాలువే. ఎండాకాలం కుళాయి నీళ్లు తగ్గినప్పుడు బియ్యం కడిగిన నీళ్లు దాచి మందారం మొదట్లో పోసే ఇల్లాలి పువ్వును “గోడ మీద ఊరికే పూసింది” అనడం న్యాయం కాదు.

ధర్మశాస్త్రాలు ఈ చిన్న విషయాన్ని వదిలేయలేదు. గౌతమ ధర్మసూత్రం పన్నెండో అధ్యాయంలో ఒక వెసులుబాటు కనిపిస్తుంది. ఆవుకు గడ్డి, అగ్నికి సమిధలు, తీగలకూ చెట్లకూ పూసిన పూలు సొంతవాటిలాగే తీసుకోవచ్చు, పండ్లైతే కంచె లేనివి మాత్రమే తీసుకోవచ్చు అని దాని భావం. కర్ర పట్టుకుని తిరిగేవాళ్లకు ఇది గట్టి దన్నులా కనిపిస్తుంది. కానీ ఆ వరుసను ఒకసారి చూడాలి. గడ్డి, సమిధలు, పూలు. మొదటి రెండూ ఎవరూ నీళ్లు పోసి పెంచనివి. మూడోదాన్నీ ఆ కోవలోనే చేర్చారంటే, ఆ సూత్రకారుడి కళ్ల ముందున్నది ఊరి పొలిమేరలో తనంతట తాను అల్లుకున్న తీగే తప్ప కుండీలో పెరిగిన మందారం కాదనుకోవడమే సబబు.

ఆపస్తంబుడు ఇంకా లోతుకు వెళ్లాడు. తెలుగునాట ప్రవర చెప్పుకునే ఇళ్లలో ఎక్కువగా వినబడే సూత్రం పేరు ఆయనదే. ఆయన ధర్మసూత్రం మొదటి ప్రశ్న 28వ ఖండికలో ఈ వాదమంతా వరసగా ఉంది. పరుల సొత్తును ఏ స్థితిలో ఆశించినా వాడు దొంగే అని కౌత్సుడు, హారీతుడు, కణ్వుడు, పుష్కరసాది అన్నారు. మినహాయింపులున్నాయి అన్నాడు వార్ష్యాయణి. కాయలో పండే గింజలు, బండెద్దుకు మేత లాంటివి తీసుకుంటే యజమాని కాదనడు, అయితే మితిమీరి తీసుకుంటే మాత్రం తప్పే. చివరి మాట మళ్లీ హారీతుడిదే: ఎక్కడైనా సరే, ముందు అనుమతి అడగాలి.

రెండువేల ఏళ్ల నాటి ఈ చర్చలో వార్ష్యాయణి మాట కూడా కొట్టిపారేసేది కాదు. ఒక పువ్వు కోసుకుంటే ఏ ఇంటావిడా బాధపడదు. ఆమెను నొప్పించేది బోసిపోయిన చెట్టు.

పువ్వుల దొంగ కథ ఒకటి శైవంలోనే ఉంది. శివమహిమ్న స్తోత్రం రాసినవాడిగా చెప్పే పుష్పదంతుడు గంధర్వుడు. ఎవరికీ కనబడకుండా తిరిగే శక్తి ఉన్నవాడు. రోజూ ఒక రాజుగారి తోటలో పూలు కోసి శివపూజ చేసేవాడట. రాజు కూడా శివభక్తుడే, ఆ పూలు పెంచుకున్నది శివుడికే. తన పూజకు పూలు మిగలక, దొంగ ఎవరో తెలియక, చివరికి తోటలో శివ నిర్మాల్యం పరిపించాడు. పుష్పదంతుడు చూసుకోక దాన్ని తొక్కాడు. అంతటితో అతని శక్తి పోయింది. ఆ స్తోత్రం పుట్టింది ఆ పశ్చాత్తాపంలోనే అంటారు. కథలో ఇద్దరు భక్తులు, ఒకే దేవుడు, అవే పూలు. “దేవుడికే కదా” అన్న సమాధానం అక్కడా ఉంది, చెల్లలేదు.

దీనికి ఎదురు ఉదాహరణలు లేవా అంటే ఉన్నాయి. కృష్ణదేవరాయల ఆస్థానకవి నంది తిమ్మన కావ్యం పేరే పారిజాతాపహరణం. సాక్షాత్తు కృష్ణుడే నందనవనం నుంచి పారిజాతాన్ని తెచ్చాడు. అయితే ఆయన ఇంద్రుడితో ఎదురుగా నిలిచి యుద్ధం చేసి మరీ తెచ్చాడు. పైగా పువ్వులు తుంచుకుని వెళ్లిపోలేదు, చెట్టునే తెచ్చి సత్యభామ పెరట్లో నాటాడు. నాటినవాడు నీళ్ల బాధ్యతా తీసుకున్నట్టే. ఇక శ్రీకాళహస్తి తిన్నడి మాట. తలలో తురుముకున్న పూలు, పుక్కిట పట్టిన నీళ్లు తెచ్చిన ఆ బోయవాడికి ఏ నియమమూ అడ్డు రాలేదు, భావమే చాలింది. నిజమే. కానీ తిన్నడు చివరికి పెకలించి ఇచ్చింది తన కన్ను. భావం గొప్పదని చెప్పడానికి అతని పేరు వాడుకునేవాళ్లు ఈ సంగతి మరిచిపోకూడదు.

సొంత చెట్టు పువ్వైనా కోయవచ్చా అన్నది ఇంకో మెట్టు పైన ఉన్న ప్రశ్న. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి ‘పుష్పవిలాపం’ రాసి, ఘంటసాల దాన్ని పాడాక, పూలబుట్ట పట్టుకున్న తెలుగు చెయ్యి ఒక్క క్షణమైనా తటపటాయించకుండా ఉండలేదు. విశాఖకు ఈ ప్రశ్న అంతకంటే చాలా పాతది. భీమిలి దారిలోని తొట్లకొండ మీద సుమారు రెండువేల ఏళ్ల కిందట బౌద్ధ భిక్షువులు ఉండేవారు. వాననీటిని దాచుకోవడానికి రాతిలో తొలిచిన తొట్ల వల్లే ఆ కొండకు ఆ పేరు. భిక్షువుల నియమావళిలో, పాచిత్తియాల్లో 11వది, బతికున్న మొక్కకు హాని చేయడం దోషమంటుంది. మరోవైపు స్తూపానికి పూలు పెట్టడం బౌద్ధంలో ఎప్పుడూ ఉన్నదే. ఆ పూలు గృహస్థులు తెచ్చేవి. వాటిని పెడుతూ తలుచుకునేది వరాలను కాదు. ఈ పువ్వు వాడినట్టే ఈ దేహమూ వాడుతుందన్న ఎరుకను. ధమ్మపదంలో తుమ్మెద ఉపమానం కూడా ఉంది: రంగునూ వాసననూ చెడగొట్టకుండా తేనె మాత్రం తీసుకుని వెళ్తుంది.

మన ఇళ్లలో చెప్పుకునే నియమాల్లోనూ ఈ జాలి ఉంది. రాత్రిపూట కోయకూడదంటారు. నేలరాలిన పూలు పూజకు పనికిరావన్న పెద్దలే పారిజాతానికి మాత్రం మినహాయింపు ఇచ్చారు, రాలినవే ఏరుకోమన్నారు. మందారం ఎలాగూ ఒక్కరోజు పువ్వు, కోసినా కోయకపోయినా మర్నాటికి వాడిపోతుంది. చెట్టుకు కొన్ని ఉంచి కొన్ని కోస్తే మొక్కకు నష్టం లేదు, తేనెటీగకూ ఆకలి ఉండదు. దేవుడికి సమర్పించే ఎనిమిది పూలని పెద్దలు లెక్క చెబుతారు. అందులో మొదటిది అహింస, రెండోది ఇంద్రియ నిగ్రహం. పక్కింటి కొమ్మ మీదికి పోయే చేతిని వెనక్కి తీసుకోవడం ఈ రెండో పువ్వే.

అన్నింటికంటే దారి చూపేది తిరుమల అనంతాళ్వారు కథ. రామానుజుల ఆజ్ఞ మీద కొండకు వెళ్లి స్వామికి పూలతోట వేసినవాడు. తోటకు నీళ్ల కోసం చెరువు తవ్వుతుంటే, నిండు గర్భిణి అయిన భార్య మట్టి మోసేది. ఒక పిల్లవాడు వచ్చి ఆమెకు సాయం చేశాడు. ఈ సేవ మాది, మధ్యలో నువ్వెవరని కోపంతో అనంతాళ్వారు గునపం విసిరితే అది పిల్లవాడి గడ్డానికి తగిలింది. గుళ్లోకి వెళ్లి చూస్తే నెత్తురు స్వామి గడ్డం మీద. ఆ గాయానికి గుర్తుగానే ఇప్పటికీ స్వామి గడ్డానికి పచ్చకర్పూరం పెడతారని, మహాద్వారం దగ్గర వేలాడేది ఆ గునపమేనని చెబుతారు. ఈ కథలో పూజ పువ్వు కోసినప్పుడు మొదలవలేదు, గునపం నేలలో దిగినప్పుడే మొదలైంది. దేవుడు మెచ్చి వచ్చి చెయ్యి కలిపింది మట్టి మోసే దగ్గర.

ఆ లెక్కన చూస్తే, మొదట వేసిన ప్రశ్నకు జవాబు దొరికినట్టే. బియ్యం కడిగిన నీళ్లు పోసిన రోజే ఆ ఇల్లాలి పూజ అయిపోయింది. కవరులో పడ్డ పువ్వు ఆమె సమర్పణే. తెచ్చి పెట్టినవాళ్లది మోత మాత్రమే.

బురుజుపేటలో కనకమహాలక్ష్మి అమ్మవారికి పైకప్పు లేదు, పూజారి మధ్యవర్తిత్వమూ అక్కర్లేదు. మార్గశిర గురువారాల్లో వేలమంది బారులు తీరి తమ చేత్తో తామే పూలు పెడతారు. అంత దగ్గరగా చెయ్యి చాచే అవకాశం ఉన్న ఊరు ఇది. ఆ చేతిలో అడిగి తెచ్చుకున్నదో, పెంచుకున్నదో ఒక్క పువ్వున్నా చాలు.

ఆషాఢం వానలు పడగానే గోడ అవతలివాళ్ల తలుపు తట్టి పూలకు బదులు కొమ్మ అడగండి. పెన్సిల్ లావు మందారం కొమ్మ, జానెడు పొడవున, కింది ఆకులు తీసేసి తడిమట్టిలో నీడపట్టున నాటితే కొన్ని వారాల్లో చిగురు వేస్తుంది. నందివర్ధనమూ అంతే.