లెక్కలోకి రాని చేతిపని

సంక్రాంతి వెళ్లాక, సెలవులు తీరిన వారంలో పలాస స్టేషన్‌కు వెళ్లి, సికింద్రాబాదు వైపు పోయే విశాఖ ఎక్స్‌ప్రెస్ కోసం కాచుకున్నవాళ్ల సామాను చూడాలి. మనిషికి బట్టల సంచి ఒక్కటే, అదీ చిన్నది. మిగతావన్నీ ఊరు కట్టి ఇచ్చిన మూటలు. మూత ఊడకుండా పాత చీర పీలికతో బిగించిన స్టీలు క్యాను, కొబ్బరి తాడుతో నిలువుగా అడ్డంగా కట్టిన అట్టపెట్టె, మూతి కుట్టిన గోనెసంచి, చుట్టగా చుట్టి చంకన పెట్టుకున్న బొంత. హైదరాబాదులో అపార్ట్‌మెంట్ల దగ్గర కాపలా కాసేవాళ్లు, విశాఖలో తాపీ పని చేసేవాళ్లు, చెన్నైలో చదువుకునే పిల్లలు, అందరి చేతుల్లోనూ ఇవే. కూర్చునే చోటు దొరక్కపోయినా ఫర్వాలేదు, క్యాను మాత్రం వొరగకూడదు.

ఆ మూటల్లో ఉన్నదంతా ఉద్దానం, అంటే ఇచ్ఛాపురం, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల చేతిపని. అటు మహేంద్రగిరి, ఇటు సముద్రం, నడుమ కొబ్బరి, జీడిమామిడి, పనస, మునగ తోటలు. ఈ నేల మీద మనుషులు తమవాళ్ల కోసం చేసే పనిని ఎంత పొగిడినా నాకు తనివి తీరదు. ఎందుకంటే ఇక్కడి చేతులకు తీరిక లేదు. తీరిక ఉన్నవాళ్లు సరదాకి చేసి ఇవ్వడం వేరు. పొద్దుటి నుంచి కూలికి అరిగిన చేతులు, మాపటికి ఇంటికొచ్చి, మళ్లీ ఒకరి కోసం పనిలోకి దిగడం వేరు.

ఆ అరుగుదల ఎలాంటిదో తెలియాలంటే పలాస, కాశీబుగ్గ జీడి పరిశ్రమల్లోకి వెళ్లాలి. బ్రెజిల్ నేల మీది చెట్టును 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్లు మన దేశానికి తెచ్చారు. ఇప్పుడు పలాస పేరు చెబితే జీడిపప్పే గుర్తొస్తుంది. స్థానిక తోటల పిక్కలు చాలక ఆఫ్రికా దేశాల నుంచి కూడా ఇక్కడికి జీడిపిక్కలు వస్తాయి. ఆవిరికి ఉడికిన పిక్కను కోత మిషను నోట పెట్టి, కాలితో తొక్కి పెంకు విడగొట్టాలి, లోపలి పప్పు మాత్రం చెక్కుచెదరకూడదు. పెంకులోని జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. అందుకే ఆడవాళ్లు చేతులకు బూడిదో నూనో పట్టించుకుని కూర్చుంటారు. అయినా వేళ్ల కొసలు నల్లబడక మానవు. తర్వాత పప్పును వేడికి ఎండబెట్టి, పలుచని ఎర్ర పొట్టు గీరి తీసి, నిండు పప్పు ఒక పక్క, బద్ద ఒక పక్క, ముక్క ఒక పక్క వేరు చేస్తారు. పౌనుకి, అంటే సుమారు 454 గ్రాములకి, 180 పప్పులు మించకుండా తూగితే అది 180 రకం. ఆ పైన 210, 240, 320. అంకె పెరిగేకొద్దీ పప్పు చిన్నది, ధర తక్కువ. పొట్టు తీసిన చేతికి కూలి కిలోల లెక్కన.

అంత లెక్కలో రోజంతా గడిపిన మనిషి, వేసవిలో తన పెరటి చెట్టు పిక్కల్ని ఏరుకొచ్చి, ఎండు కొబ్బరి డొక్కల మంట మీద కాల్చి, రాతి మీద పెట్టి ఒక్కొక్కటీ కొడుతుంది. దెబ్బ గట్టిగా పడితే పప్పు నలిగిపోతుంది, మెల్లగా పడితే పెంకు తెరుచుకోదు. నిండుగా వచ్చినవన్నీ ఒక డబ్బాలోకి, విరిగినవన్నీ వంటింటి సీసాలోకి. డబ్బా ఊరు దాటి కొడుకు దగ్గరకో కూతురి దగ్గరకో వెళ్తుంది, సీసా ఇంట్లో ఉప్మాలోకి వస్తుంది. ఈ విభజనకు ఏ అంకె పేరూ లేదు. మంచిది వాళ్లకి, మిగిలింది మనకి. ఎవరూ చెప్పనక్కర్లేకుండా ఆ ఇంట్లో అందరికీ తెలిసిన న్యాయం అది.

ఇక సారె. ఉత్తరాంధ్రలో పిల్ల అత్తవారింటికి వెళ్తే సారె ముందు నడుస్తుంది. ఒకప్పుడు కావిళ్ల మీద, ఇప్పుడు ఆటోలో, వ్యానులో. అరిసెలు, చిమ్మిలి, సున్నుండలు, కొబ్బరి ఉండలు, గవ్వలు, జంతికలు. అవతలి ఊళ్లో దిగాక వీధి వీధంతా పంచుతారు, కొత్తకోడలి పుట్టింటి చేతిరుచి ఊరందరి నోటికీ తెలుస్తుంది. అరిసెలకు లెక్క ఉంటుంది, ఇంటికి ఇన్ని అని. వాటిని చేసిన చేతులకు మాత్రం లెక్క లేదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు, పెద్దమ్మలు, పిన్నులు, ఎప్పుడో తన పిల్ల సారెకు ఈ ఇంటివాళ్లు వచ్చి చేశారని గుర్తుపెట్టుకున్న ఎదురింటావిడ, అందరూ వస్తారు.

ముందురోజు నానబెట్టిన బియ్యాన్ని వడగట్టి గుడ్డ మీద ఆరబోస్తారు. పూర్తిగా ఆరకూడదు. చేత్తో పట్టుకుంటే ముద్దవ్వాలి, వదిలితే విడిపోవాలి. ఆ తడి మీదే దంచి, జల్లించి, పిండిని నొక్కిపెట్టి మూత వేస్తారు, తడి ఆరిపోతే అరిసె పగులుతుంది గనక. పొయ్యి మీద బెల్లం కరుగుతుంది. నురగ పొంగి, అణిగి, రంగు చిక్కబడే వేళకి గదిలో మాటలు వాటంతటవే తగ్గిపోతాయి.

“ఒలే, నీళ్లలో ఏసి సూడే.”

“ఉండ కట్టీసింది అప్పా, దించీ.”

ఇక అక్కడ క్షణం ఆలస్యం పనికిరాదు. ఒకరు పిండి పోస్తుంటే ఒకరు తెడ్డుతో తిప్పుతారు. తిప్పే చేయి బలమైనదై ఉండాలి, ఉండ కట్టనివ్వకూడదు. తర్వాత నువ్వులద్ది, నూనె రాసిన ఆకు మీద వేళ్లతో తట్టి, కాగిన నూనెలోకి జారవిడుస్తారు. పొంగి తేలినదాన్ని తీసి అరిసెల చెక్కల మధ్య నొక్కితే నూనె కారిపోతుంది. పాకం లేతదైతే అరిసె నూనెలో విడిపోతుంది, ముదిరితే రాయవుతుంది. ఆ రెండింటి మధ్య ఉన్న సన్నని వేళను ఏ గడియారమూ చెప్పదు. నీళ్లగిన్నెలో పడ్డ బెల్లపు చుక్కను బొటనవేలితో, చూపుడువేలితో నలిపి చూసిన మనిషే చెప్పాలి. జీడి నూనెకి నల్లబడిన వేళ్లు అవే. అవి ఇంత సున్నితమైన సంగతి పట్టుకోగలవంటే నాకు ప్రతిసారీ అబ్బురమే.

ఈ పని గోడ దగ్గర ఆగదు. ఇచ్ఛాపురం, కవిటి వైపు తెలుగిళ్ల పక్కనే ఒడియా ఇళ్లు. జూన్ నడుమ రజ పండగ వస్తే అటు నుంచి పొడొ పిఠా వస్తుంది. బియ్యం పిండి, మినప్పిండి, బెల్లం, కొబ్బరి కలిపి సన్నని సెగ మీద గంటల తరబడి కాల్చిన పిఠా. ఇటు నుంచి సంక్రాంతికి అరిసెలు వెళ్తాయి. అదే బియ్యం, అదే బెల్లం, అదే తోట కొబ్బరి, రెండు భాషల చేతుల్లో రెండు రుచులు. ఖాళీ గిన్నె తిరిగి పంపే అలవాటు రెండిళ్లకీ లేదు.

సముద్రం ఒడ్డున చేసేవి మరోలా ఉంటాయి. భావనపాడులోనూ బారువలోనూ వేటకు వెళ్లడం మానిన పెద్దవాళ్లు నీడన కూర్చుని మనవడి కోసం చిన్న విసురువల అల్లుతారు. వలలు బజారులో అమ్ముతున్నారు, వాటి కన్నులు ఒక్క కొలతలో ఉంటాయి కూడా. కానీ తాత అల్లిన వల ఆ పిల్లవాడి చేతి పొడవుకి, భుజానికి, వాడు విసరగలిగినంత బరువుకి సరిపోయేలా ఉంటుంది. వాడిని చూసుకుంటూ, పిలిచి కొలుచుకుంటూ అల్లిన వల అది.

వీటన్నిటిలో నన్ను ఎక్కువ కదిలించేది బొంత. పిల్ల తొలికాన్పుకు పుట్టింటికి వస్తోందని తెలియగానే ఇంట్లో పెద్దావిడ పెట్టె తెరుస్తుంది. కొత్త గుడ్డ పనికిరాదు, గరుకు. ఏళ్ల తరబడి ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడిన నూలు చీరలు కావాలి. నాలుగైదు చీరల్ని ఒకదాని మీద ఒకటి పరిచి, ముడతలు లేకుండా అరచేత్తో సర్ది, మూలలకు బరువు పెట్టి, అంచు నుంచి కుట్టు మొదలుపెడుతుంది. వేలెడు దూరానికో వరస. సూది పైకి వచ్చినప్పుడల్లా కింది పొర కూడా పడిందో లేదో ఎడమచేత్తో తడిమి చూసుకుంటుంది. దారం అయిపోయిన చోట ముడిని పొరల లోపలికి లాగేస్తుంది, పసిబిడ్డ వీపుకు తగలకుండా. ఎవరికీ కనిపించని ఆ ముడి కోసం ఆమె పడే జాగ్రత్తలోనే మొత్తం పని గొప్పదనం ఉంది.

బెంగాల్లో ఇలాంటిదే కాంథా అయింది. పాత చీరల పొరలు, అదే సాదా కుట్టు. పూలూ చేపలూ ఏనుగులూ చేరి ప్రపంచమంతా మెచ్చే కళ అయింది. మన బొంతకు ఆ పేరు రాలేదు. దాన్ని ఎవరూ గోడకు తగిలించరు. దాని మీద పాలు కారతాయి, ఆముదం మరకలు పడతాయి, అది ఎండలో ఆరి మళ్లీ ఉయ్యాలలోకి వస్తుంది. లోపలి పొరల్లో అమ్మమ్మ కట్టిన చీర ఉంటుంది, ఒక్కోసారి ఆ అమ్మమ్మ ఉండదు. ముఖమైనా చూడని మనవరాలు ఆమె చీర మీద ఒళ్లు మరిచి నిద్రపోతుంది. మూడు తరాలను ఇంత దగ్గరగా కలిపి కుట్టే సూది మరొకటి ఉందా?

ఉద్దానం గురించి రాస్తూ కిడ్నీ జబ్బు ఊసెత్తకుండా ఉండలేను. ఏళ్లుగా ఆ జబ్బు ఇక్కడి ఇళ్లను తింటోంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. ఇంటికి ఎవరొచ్చినా బొండాం కొట్టి ఇవ్వడం తోటవాళ్ల మొదటి మర్యాద. కిడ్నీలు దెబ్బతిన్న మనిషికి ఆ మర్యాద చేయకూడదు, కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ. బెల్లం వంటకం, ఊరగాయ, ఎండుచేప, ఏది పట్టుకెళ్దామన్నా డాక్టరు మాట అడ్డొస్తుంది. చూడబోయే మనిషి ఒట్టి చేతులతో ఎలా వెళ్తాడు? అలాంటప్పుడు తాటాకు కోసుకొచ్చేవాళ్లున్నారు. లేత ఆకును విప్పి, బరువు కింద ఆరబెట్టి, గుండ్రంగా కత్తిరించి, కాడనే పిడిగా ఉంచి, అంచు చీలిపోకుండా చుట్టూ గుడ్డపట్టీ కుట్టి విసనకర్ర చేస్తారు. కరెంటు పోయిన మధ్యాహ్నం మంచం పక్కన కూర్చుని, దానితో విసురుతారు. తిండి పెట్టలేని చోట గాలి పెడతారు. ప్రేమ ఒక దారి మూసుకుంటే ఇంకో దారి వెతుక్కుంటుందని ఈ నేల నాకు నేర్పింది.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. తాతలు నాటిన కొబ్బరి చెట్లు, జీడిమామిడి తోటలు నేలకొరిగాయి. ఈ చేతిపనికి కావలసిన సరుకంతా, పీచూ ఈనే ఆకూ కాయా, ఆ చెట్లదే. నాటు కొబ్బరి కాపుకు రావడానికి ఆరేడేళ్లు పడుతుంది. అయినా ఊళ్లు మళ్లీ మొక్కలు పెంచాయి. మంచి కాపున్న తల్లిచెట్టు చూసి, ముదిరిన కాయ ఎంచి, నీడలో ఇసుకలో సగం పాతి, తడి ఆరకుండా చూసుకుంటే మూడు నాలుగు నెలలకు మొలక వస్తుంది, ఏడాదికి నాటే మొక్క అవుతుంది. చుట్టానికి ఇవ్వడానికి ఇంతకన్నా ఓపికైన వస్తువు ఏముంది? పెంచినవాడు ఏడాది కాస్తాడు, పుచ్చుకున్నవాడు ఆరేడేళ్లు కాస్తాడు, తినేది ఆ ఇంటి పిల్లలు.

అందుకే పండక్కి ఊరు వచ్చే పిల్లలకు ఒక మాట. అమ్మ కట్టిచ్చిన క్యాను తీసుకెళ్లండి, తప్పకుండా. కానీ ఈసారి రెండు రోజులు ముందే రండి. తెడ్డు మీరు తిప్పండి, ఆ బలమైన చేయి మీదే కావాలి. నీళ్లలో పడ్డ పాకాన్ని మీ వేళ్లతో నలిపి చూడండి. బొంతకు ఒక వరస కుట్టి, ముడి లోపలికి ఎలా లాగాలో అడిగి నేర్చుకోండి. అరిసెలు క్యానులో వస్తాయి, పప్పు డబ్బాలో వస్తుంది. పాకం ఎప్పుడు దించాలో తెలిసిన వేలు మాత్రం ఏ మూటలోనూ రాదు, పక్కన కూర్చున్నవాళ్లకే వస్తుంది. మీకోసం లెక్క చూసుకోకుండా ఇంత చేసినవాళ్లకు, వచ్చే సంక్రాంతికి మీ చేత్తో చేసిన ఒక్క అరిసె పెట్టి చూడండి. కాస్త గట్టిపడినా సరే, వాళ్లు దాన్ని ఇరుగుపొరుగుకి కూడా చూపించి మరీ తింటారు.