ప్రాజెక్టు మారితే దిగులెందుకు?

అమ్మాయీ,

వైరాలజీ అని చేరితే, తీరా రెండో ఏడాదిలో ఫిజియాలజీ వైపు మళ్లమన్నారని దిగులు పడుతున్నావట. మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ఇన్నాళ్ల కష్టం బూడిదలో పోసిన పన్నీరైందని నువ్వు అనుకుంటున్నట్టుంది. తొందరపడకు. పేటన్ రౌస్ పేరు నీ పాఠ్యపుస్తకంలో ఎక్కడో ఒక వాక్యంలో వచ్చి పోయి ఉంటుంది. ఆ వాక్యం వెనక కథ చెబుతాను, విను.

1909లో న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ సంస్థకు కణితి లేచిన ప్లిమత్ రాక్ జాతి కోడిపెట్ట ఒకటి వచ్చింది. రౌస్ ఆ కణితిని కోసి, ఇసుకతో నూరి, లవణద్రావణంలో కలిపి, బాక్టీరియా కూడా దాటలేని సన్నటి ఫిల్టర్లో వడకట్టాడు. దిగిన తేటను అదే జాతి కోళ్లకు ఎక్కిస్తే వాటికీ కణితులు లేచాయి, అంటే కారణం బాక్టీరియా కంటే చిన్నదైన వైరస్ అన్నమాట. 1911లో పేపరు వేశాడు. అసలది క్యాన్సరే కాదని కొందరు, ఫిల్టరు సరిగా ఆపలేదని కొందరు కొట్టిపారేశారు. ఎలుకల కణితుల్లో అలాంటిదే వెతికితే ఆయనకు దొరకలేదు. చివరికి ఆ పని పక్కన పెట్టాడు.

నువ్వు చూడాల్సింది ఆ తర్వాతి ఏళ్లను. సహచరుడు టర్నర్‌తో కలిసి, సిట్రేటు, గ్లూకోజు ఉన్న ద్రావణంలో రక్తాన్ని వారాల తరబడి నిల్వ ఉంచవచ్చని 1916లో చూపాడు. ఆ పద్ధతినే పట్టుకుని ఆస్వాల్డ్ రాబర్ట్‌సన్ అనే వైద్యుడు 1917లో ఫ్రాన్సు యుద్ధరంగంలో గాయపడిన సైనికులకు నిల్వ రక్తం ఎక్కించాడు. తర్వాత రౌస్ కాలేయం మీద, పిత్తాశయం మీద పడ్డాడు. పిత్తాశయం నీటిని పీల్చేసి పైత్యరసాన్ని చిక్కబరుస్తుందని 1921లో మరో సహచరుడు మెక్‌మాస్టర్‌తో కలిసి రుజువు చేశాడు. కోడి క్యాన్సర్ మీద పనిచేసినవాడికి పైత్యంతో పనేమిటని అనుకోలేదు.

1933లో రిచర్డ్ షోప్ అనే శాస్త్రవేత్త అడవి కుందేళ్ల పులిపిర్ల వెనక వైరస్ ఉందని కనిపెట్టి, ఆ పని రౌస్ చేతికిచ్చాడు. అవి ముదిరి క్యాన్సర్లవుతాయని రౌస్ చూపాడు. అలా యాభై దాటాక మళ్లీ వైరస్‌ల దగ్గరికి వచ్చాడు. కోడిపెట్ట పనికి నోబెల్ వచ్చింది 1966లో, 87వ ఏట.

ఇంతటివాడూ ఒక చోట పట్టుదలకు పోయాడు. జన్యువుల్లో మార్పు వల్ల క్యాన్సర్ పుడుతుందన్న వాదాన్ని నోబెల్ ఉపన్యాసంలో కూడా ఒప్పుకోలేదు. ఆయన పోయిన ఆరేళ్లకు, 1976లో, బిషప్, వార్మస్ బృందం ఆయన వైరస్‌లోని క్యాన్సర్ జన్యువు ఆరోగ్యమైన కోడి కణాల నుంచి వచ్చిందేనని తేల్చింది. ఆయన అభిప్రాయం వీగిపోయింది, చేసిన ప్రయోగం మాత్రం నిలిచింది. ఎందుకంటే అది ఎవరు చేసినా అదే ఫలితం వచ్చేలా చేసిన పని.

కాబట్టి తల్లీ, అంశం మీద మమకారం కంటే పని మీద శ్రద్ధ పెంచుకో. కంట్రోల్ లేని రీడింగును నమ్మకు. రాని ఫలితాన్ని కూడా తేదీ వేసి నోట్‌బుక్కులో రాయి. ఇన్నాళ్లూ తీసిన శాంపిళ్లకు లేబుళ్లు అతికించి ఫ్రీజర్లో భద్రం చెయ్యి. వాటితో ఎప్పుడు అవసరం పడుతుందో చెప్పలేం.

అలాగని రౌస్‌ని చూసి గుడ్డిగా తల ఊపమని నేననను. ఆయనకు రాక్‌ఫెల్లర్‌లో కొలువుంది. నీకు ఫెలోషిప్ గడువుంది. అందుకే మీ గైడు దగ్గర మొహమాటపడకు. పాత పనిలో ఎంత థీసిస్‌లోకి వస్తుంది, కొత్త పనికి ఎంత సమయం పడుతుంది, పేపర్లో ఎవరి పేరు ముందుంటుంది అన్నవి మర్యాదగానే, సూటిగా అడిగి రాసుకో. జవాబులు సబబుగా ఉంటే ఇక వెనక్కి చూడకుండా పనిలోకి దిగు.

మీ మావయ్య