నొప్పికి రుజువు

నొప్పిగా వున్నదని ఒక మనిషి చెబితే దానికి రుజువు అడిగే హక్కు మనకు వున్నదా? ఆ నొప్పిని ఈ యంత్రం తగ్గిస్తుందని ఒక వ్యాపారి చెబితే దానికి రుజువు అడిగే హక్కు మనకు వున్నదా? మొదటి ప్రశ్నకు లేదనీ, రెండో ప్రశ్నకు వున్నదనీ నా సమాధానం. ఇందులో తెలియనిదేమున్నదని మీరనవచ్చు. కాని మన చుట్టూ జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు. రోగిని అడ్డప్రశ్నలు వేస్తున్నాం, వ్యాపారిని నమ్ముతున్నాం. అంతకంటె విచారకరమేమంటే, వ్యాపారిని నమ్మని మనబోటి హేతువాదులం కూడా, రోగిని నమ్మే విషయంలో ఆ వ్యాపారికంటె వెనకబడి వున్నాం.

నేను చెబుతున్నది ఫైబ్రోమయాల్జియా అనే వ్యాధిని గురించీ, దానికి చికిత్స అని అమ్ముడుపోతున్న విద్యుదయస్కాంత పరుపులను గురించీ. ఈ వ్యాధిలో మెడ, భుజాలు, నడుము, తొడలు నెలల తరబడి, ఏళ్ళ తరబడి సలుపుతూనే వుంటాయి. రాత్రంతా పడుకొని లేచినా నిద్రపోయినట్టు వుండదు. జ్ఞాపకం మసకబారుతుంది. రక్తం పరీక్షిస్తే అంతా సవ్యంగానే వుంటుంది. ఎక్స్‌రే తీస్తే ఎముకలు నిక్షేపంగా వుంటాయి. దీని వాతబడేవారిలో స్త్రీలే ఎక్కువ. పరీక్షకు దొరకని నొప్పి, అందులోనూ ఆడదాని నొప్పి! దానికి మన ఇళ్ళలో వున్న పేర్లు మనకు తెలియనివి కావు: వంక, నటన, పనిదొంగతనం. కాస్త చదువుకున్న ఇళ్ళలో దాన్నే టెన్షన్ అంటారు. అర్థంలో తేడా ఏమీ లేదు.

వైద్యశాస్త్రం ఈ నొప్పిని ఒప్పుకోవడానికి చాలా కాలం పట్టింది. 1904లో గవర్స్ అనే ఇంగ్లీషు వైద్యుడు దీనికి ఫైబ్రోసైటిస్ అని పేరు పెట్టాడు. అంటే నారపొరల్లో వాపు అన్నమాట. దశాబ్దాలపాటు వెదికినా ఆ వాపు కనిపించలేదు. 1970లలో ఆ పేరును వదిలిపెట్టి ఇప్పటి పేరు పెట్టారు. 1990లో అమెరికన్ వైద్యుల సంఘం ఒక కొలత నిర్ణయించింది: ఒంటి మీద 18 చోట్ల డాక్టరు బొటనవేలితో నొక్కాలి, 11 చోట్ల నొప్పి పుడితే ఈ వ్యాధి వున్నట్టు. 2010లో ఆ నొక్కుడు తప్పనిసరి కాకుండా చేశారు. ఎక్కడెక్కడ నొప్పి, నిద్ర ఎలా వుంది, అలసట ఎంత అని రోగినే అడిగి నిర్ణయించమన్నారు. డాక్టరు బొటనవేలి మీది నమ్మకం రోగి మాట మీదికి మళ్ళడానికి ఇరవై ఏళ్ళు పట్టిందన్నమాట.

2002లో అమెరికాలో మెదడు చిత్రాలు తీసి చూశారు. మామూలు మనిషికి నొప్పి అనిపించని కొద్దిపాటి ఒత్తిడికే ఈ రోగుల మెదడులో నొప్పి తాలూకు భాగాలు పనిచేయడం కనిపించింది. 2021లో ఇంగ్లండు, స్వీడన్ పరిశోధకులు ఈ రోగుల రక్తంలోని యాంటీబాడీలను ఎలుకలకు ఎక్కిస్తే, ఆ ఎలుకలకు కూడా తాకుడూ చలీ భరించరానివయినాయి. దీనితో అంతా తేలిపోయిందని కాదు. నొప్పిని మోసే నాడీమండలమే దాన్ని పెద్దదిచేసి చూపుతున్నదని ఎక్కువమంది నిపుణులు భావిస్తున్నారు. ఇది మంచి విజ్ఞానమే. కాని నన్ను బాధించే ప్రశ్న వేరు. ఎలుక సాక్ష్యం చెప్పేదాకా ఆడమనిషి సాక్ష్యం చెల్లలేదా? 2021కి ముందు చచ్చిపోయిన వాళ్ళ నొప్పులన్నీ అబద్ధాలేనా?

నొప్పిని నమ్మడంలో కూడా తరతమ భేదాలున్నాయి. 2022 అక్టోబరులో నటి సమంత తనకు మయోసైటిస్ వున్నదని ప్రకటించినప్పుడు తెలుగుదేశమంతా బాధపడింది. బాధపడవలసిందే. అది వేరే వ్యాధి. రక్తపరీక్షల్లో, కండరం ముక్క పరీక్షలో దానికి ఆనవాళ్ళు దొరుకుతాయి. 2024 జులైలో ఆమె హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరి పీల్చమని సలహా రాస్తే ఒక వైద్యుడు తీవ్రంగా ఖండించాడు. ఒక పెద్ద డాక్టరు చెప్పినదాన్నే సదుద్దేశంతో రాశానని ఆమె జవాబు. ఆ సదుద్దేశాన్ని నేను శంకించను. కాని సదుద్దేశం వైద్యానికి రుజువు కాదు, ఖండించడం న్యాయమే. ఆ కథ అంతటితో వదిలేస్తాను. తార చుట్టూ చీరలు మోసే మనిషి నొప్పి ఏ పత్రికకూ వార్త కాదు, నాకు కావలసింది ఆమె.

నేనుండేది హైదరాబాదులో వెంగళరావు నగర్. ఒక పక్క అమీర్‌పేట, ఇంకో పక్క యూసుఫ్‌గూడ, కృష్ణానగర్. ఫిలింనగర్‌లో, జూబిలీహిల్స్‌లో తెల్లవారేసరికి షూటింగు మొదలు కావాలంటే ఈ సందుల్లోంచే మనుషులు చీకటితో బయలుదేరాలి. మా వీధిలో కాస్ట్యూమ్స్ విభాగంలో పనిచేసే ఒకామె వున్నది. బట్టలు ఇస్త్రీ చేయడం, బిగువైనచోట కుట్లు విప్పి మళ్ళీ కుట్టడం, మూటలు వ్యానెక్కించడం, దించడం ఆమె పని. నాలుగేళ్ళుగా ఒళ్ళంతా పచ్చిపుండులా వున్నదని చెబుతుంది. మొదట చూసిన డాక్టరు కాల్షియం రాశాడు. రెండో డాక్టరు రిపోర్టులు తిరగేసి, "నీకేం లేదమ్మా, రెస్టు తీసుకో" అన్నాడు. రెస్టు ఏ దుకాణంలో దొరుకుతుందో ఆయన రాసివ్వలేదు. మూడోచోట వ్యాధికి పేరు దొరికింది. రాత్రిపూట వేసుకోను మాత్రలూ దొరికాయి, కొంత గుణమిచ్చాయి కూడా. ఆ తర్వాత ఎవరో చెప్పగా ఒక సందులోని గదికి వెళ్ళింది.

ఆ గదిలో తీగచుట్టలు కుట్టిన పరుపులు, చిన్న పెట్టెలు వున్నాయి. ఒక వారం ఉచితం, తర్వాత రోజుకింత, ఆ తర్వాత పరుపు వాయిదాల మీద కొనుక్కోవచ్చు. ఆమెతోపాటు నేనూ ఒకరోజు వెళ్ళాను. తెల్లకోటు వేసుకున్న కుర్రవాడు, డాక్టరు కాదు, రక్తంలో ఇనుము వుంటుంది గనుక అయస్కాంతం దాన్ని లాగి రక్తప్రసారం పెంచుతుందని వివరించాడు. ఇది పచ్చి అబద్ధం. రక్తంలో ఇనుము వున్నమాట నిజమే గాని అది మేకులోని ఇనుములాంటిది కాదు. ప్రాణవాయువుతో కలిసిన రక్తాన్ని అయస్కాంతం లాగదు సరికదా, చాలా స్వల్పంగా నెడుతుంది. 1936లోనే లైనస్ పాలింగ్, కొర్యెల్ దీన్ని కొలిచి చూపారు. కుర్రవాడి సిద్ధాంతమే నిజమయితే 1.5 టెస్లాల ఎమ్మారై యంత్రంలో పడుకున్న మనిషి ప్రాణాలతో బయటికి రాడు.

అయితే మన పక్షం వాళ్ళు ఇక్కడ తొందరపడి, అయస్కాంతం కాబట్టి అంతా బూటకమే అనేస్తారు. అదీ సరికాదు. మారుతూ వుండే అయస్కాంత క్షేత్రం వాహకంలో విద్యుత్తు పుట్టిస్తుందని 1831లో ఫారడే చూపాడు. మన ఒళ్ళూ ఒక వాహకమే. అతకని ఎముకలకు ఇలాంటి స్పందన క్షేత్రాలను వాడడానికి 1979లో అమెరికా ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. తలమీద బలమైన అయస్కాంత తీగచుట్ట పెట్టి మానసిక కుంగుబాటుకు చేసే చికిత్సకు 2008లో అనుమతి వచ్చింది. అక్కడి బలం టెస్లాలలో వుంటుంది. ఇళ్ళకు అమ్మే పరుపుల్లో చాలావాటి బలం మైక్రోటెస్లాలలో, ఏ పరుపూ లేకుండానే భూమి మనకిచ్చే 25 నుంచి 65 మైక్రోటెస్లాల దరిదాపుల్లో వుంటుంది. అందుచేతే అది పనిచేయదని తేల్చలేం, పరీక్షించవలసిందే.

పరీక్షించారు కూడా. 2009లో టర్కీ వైద్యులు 56 మంది స్త్రీలను రెండు జట్లు చేసి, ఒక జట్టుకు నిజమైన యంత్రం, రెండో జట్టుకు అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి యంత్రం మూడు వారాలు పెట్టారు. నిజమైన యంత్రం కిందివాళ్ళకు ఎక్కువ గుణం కనిపించింది. 2018లో ఫిన్లండు వైద్యులు 108 మంది స్త్రీలతో, ఇళ్ళకు అమ్మే తరహా పరుపుతోనే, పన్నెండు వారాలు ఇదే పని చేశారు. అసలు పరుపుకూ ఉత్తుత్తి పరుపుకూ తేడా లేదు. కాని రెండు జట్లకూ నొప్పి తగ్గింది!

ఈ చివరి వాక్యం దగ్గర వ్యాపారీ ఆగడు, హేతువాదీ ఆగడు. నా మటుకు నేను ఆగవలసింది ఇక్కడే అనుకుంటాను. విద్యుత్తు ప్రవహించని పరుపు మీద పడుకున్న స్త్రీలకు నొప్పి ఎందుకు తగ్గింది? కొంత కాలగతిలో దానంతటదే తగ్గివుండవచ్చు. మిగతాది?

ఈ ప్రశ్న కొత్తది కాదు. పారిస్‌లో మెస్మర్ అనే వైద్యుడు జంతు అయస్కాంత శక్తి పేరుతో రోగాలు కుదురుస్తూ వుంటే, 1784లో పదహారో లూయీ రాజు ఒక విచారణ సంఘం వేశాడు. బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవోజియే, బైయీ అందులో సభ్యులు. మెస్మర్ శిష్యుడు ఫ్రాంక్లిన్ తోటలో ఒక చెట్టుకు శక్తి పట్టించాడు. పన్నెండేళ్ళ కుర్రవాడికి కళ్ళకు గంతలు కట్టి చెట్టుచెట్టుకూ తిప్పారు. శక్తి పట్టించిన చెట్టుకు దూరాన, ఏ శక్తీ లేని నాలుగో చెట్టు దగ్గర వాడు మూర్ఛపోయాడు. ఉత్తుత్తి పరుపుకు ముత్తాత ఈ చెట్టే. అదంతా ఊహ చేసిన పని అని సంఘం తేల్చింది. అద్భుతమైన విచారణ! కాని ఊహ అన్న మాట రాశాక కాగితం మడిచేశారు. స్త్రీలు సులభంగా లొంగిపోతారు, ఇందువల్ల శీలానికి ప్రమాదం అని రాజుకు మాత్రం రహస్యంగా ఇంకో నివేదిక పంపారు. ఊహ ఒంట్లో ఏం చేస్తుందో వెదకలేదు, స్త్రీల శీలానికి కాపలా కాశారు.

ఊహను భౌతిక ప్రపంచానికి బయట పెట్టేవాడు భౌతికవాది కాడు. 1978లో అమెరికాలో జ్ఞానదంతం తీయించుకున్న రోగులకు మందులేని సూది ఇస్తే కొందరికి నొప్పి తగ్గింది. నల్లమందు ప్రభావాన్ని విరిచే నాలోక్సోన్ ఇచ్చేసరికి ఆ నొప్పి తిరిగి పెరిగింది. అంటే నమ్మకం ఒంట్లో ఒక రసాయనమై పనిచేసిందన్నమాట. "అంతా నీ మనస్సులోనే వుంది" అని రోగితో అనేవాడు మనస్సు ఒంటికి అవతల ఎక్కడో వున్నదనుకుంటున్నాడు. ఎర్రజెండా కింద నిలబడి అన్నా అది భావవాదమే.

ఇప్పుడు నైతిక సమస్య. ఆ పరుపు వల్ల మా వీధి ఆమెకు కొంత సుఖంగానే వున్నది. దాంట్లో ఏమీ లేదని ఆమెకు చెప్పాలా, వద్దా? "పోనిద్దురూ, హాని లేదు గదా" అంటాడు నా స్నేహితుడొకడు, మంచి మనిషి. హాని ఎందుకు లేదు? వాయిదా డబ్బు కూలిలోంచి పోతున్నది. అంతకన్న పెద్ద హాని ఇంకొకటి వున్నది. గుణం ఆమె ఒంట్లో పుట్టింది, ఖ్యాతి పెట్టెకు పోయింది. రేపు గుణం తగ్గితే తప్పు మాత్రం ఆమెదే అవుతుంది: క్రమం తప్పావు, నమ్మకం చాల్లేదు, పెద్ద పరుపు కొనుక్కో అంటారు. 1954 నాటి ఇంద్రజాల చికిత్సల చట్టం తాయెత్తునూ మంత్రాన్నీ కవచాన్నీ పేరుపెట్టి చెప్పింది. తాయెత్తుకు తీగ తగిలించి ప్లగ్గులో పెడితే మాత్రం మనవాళ్ళు సైన్సు అంటారు.

చెప్పాలనే నిర్ణయించుకొని చెప్పాను. ఆమె కోపగించలేదు. "అది పనిచేస్తుందో లేదో నాకు తెలవదండి మాస్టారూ. పడుకున్న అరగంటా నన్నెవరూ పిలవరండి" అన్నది.

ఈ జవాబు మీద నేను చాలా రోజులు ఆలోచించాను. ఇంట్లో పడుకుంటే పనిదొంగ. సెట్‌లో కూర్చుంటే రేపటి కాల్షీటు లేదు. డబ్బు కట్టి యంత్రం మీద పడుకుంటే అది వైద్యం, ఎవరూ కాదనరు. పైగా ఆ తెల్లకోటు కుర్రవాడు ఎక్కడ నొప్పి అని రోజూ అడిగాడు, చెప్పింది రాసుకున్నాడు, ఒక్కసారి కూడా నిజమా అనలేదు. అబద్ధపు యంత్రం పక్కన కూర్చొని ఆమెకు నిజమైన మర్యాద చేసింది అతనొక్కడే. అతన్ని ఖండించడానికి నాకు హక్కు వున్నదనే అంటాను. కాని ఆ అరగంటను లాగేసుకొని మన సభకు రమ్మని కరపత్రం చేతిలో పెట్టే హక్కు లేదు.

అలాగని ఆమెకు అబద్ధం అవసరమనీ నేను ఒప్పుకోను. 2010లో హార్వర్డ్ పరిశోధకులు పేగుల బాధతో వున్న 80 మందిలో కొందరికి, ఇవి మందులేని మాత్రలని ముందే చెప్పి ఇచ్చారు. డాక్టర్లు రెండు జట్లతోనూ ఒకే ఆదరణతో మాట్లాడారు. మూడు వారాలకు, ఏ మాత్రా తీసుకోనివాళ్ళకంటె వీళ్ళకు ఎక్కువ గుణం కనిపించింది. వ్యాధి వేరయినా, మోసం చేయకపోతే ఊరట రాదన్న వాదం దీనితో నిలవడం కష్టం. నిజం చెప్పి కూడా పక్కన కూర్చోవచ్చు.

ఇక ఈ వ్యాధికి అన్నిటికన్న గట్టి ఆధారం వున్న చికిత్స ఏదని అడిగితే, యూరపు నిపుణుల సంఘం 2016లో బలంగా సిఫారసు చేసింది ఒక్కదాన్నే: వ్యాయామం. మెల్లగా మొదలుపెట్టి, క్రమం తప్పకుండా, నెలల తరబడి చేయాలి. దీనికి పెట్టె అక్కర్లేదు, వాయిదాలు లేవు. కాని తీరిక కావాలి, ముందు రాత్రి నిద్ర కావాలి. 2025 ఆగస్టులో ముప్ఫై శాతం వేతనం పెంచాలని సినిమా కార్మికులు సమ్మె కట్టినప్పుడు మా వీధి ఆమె కూడా వెళ్ళి కూర్చున్నది. ఆ రోజుల్లో షూటింగులు లేవు గనుక పొద్దున్నే కృష్ణకాంత్ పార్కులో రెండు చుట్లు నడిచేదట, ఒళ్ళు కొంచెం తేలికపడిందని చెప్పింది. సమ్మె ముగిశాక కాల్షీట్లు మొదలయినాయి. చీకటితో వ్యాను వస్తుంది, పార్కు గేటు తెరిచే వేళకు ఆమె స్టూడియోలో ఇస్త్రీపెట్టె ముందు నిలబడి వుంటుంది.