తొలినాటి ఆటయు భక్తియు

అభిమాన నటుని నూతన చిత్రము విడుదలయగు దినమున తెలుగునాట పట్టణములలో తెల్లవారు తీరే వేరు. కోడి కూయకమునుపే థియేటరు ముందు జనము చేరును. ఇంటికప్పులను మించిన కటౌటు మెడలో గజమాల వేయుదురు. దానికి కొబ్బరికాయలు కొట్టి, కర్పూరము వెలిగింతురు. కొందరు పైకెక్కి బిందెలతో పాలు పోయుదురు. లోపల తెర వెలుగగనే చింపిన కాగితపు ముక్కలు గాలిలోకి ఎగురును. నటుడు కనబడిన క్షణమున లేచు ఈలలలో తరువాతి సంభాషణము ఎవరికిని వినబడదు. వినదలచినవారు మరునాడు వత్తురు.

ఈ దృశ్యమును చూచి పెద్దలు నవ్వుటయో కోపించుటయో పరిపాటి. లింగవంతుల ఇండ్లలో కోపమే అధికము. "కరస్థలమున ఇష్టలింగమును పూజించు చేతితో బొమ్మకు హారతి పట్టుదువా?" అని తండ్రి అడుగును. కుమారుడు బదులు పలుకడు, చెప్పులు తొడుగుకొని వెడలిపోవును. తండ్రి ప్రశ్న మంచిదే. కాని ఆయన తలచినంత సులభమైన సమాధానము దానికి లేదు. కుమారుని మౌనమును తప్పు ఒప్పుకొనుటగా ఎంచుటయు తగదు.

కాలము వృథా యగుచున్నదను ఆక్షేపణము అన్నిటికంటె దుర్బలమైనది. మూడు గంటల ఆట వృథా యైనచో జాతరయు వృథాయే, నందికోలల సేవయు వృథాయే, రాత్రి తెల్లవార్లు సాగు హరికథయు వృథాయే. పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రమున శ్రీశైలపు శివరాత్రిని వర్ణించుచు పాటలను, నాటకములను, బొమ్మలాటలను ఎంత మక్కువతో పేర్కొనెనో చదివినవారు ఎరుగుదురు. ఆట చూచి సంతసించుట దోషమని వీరశైవము విధింపలేదు. కావున ఈ మాటను ఇంతటితో విడువవచ్చును.

పూజ విషయము అట్లు విడువదగినది కాదు. తెర మీది దైవమును నటునియందు చూచుట తెలుగువారికి క్రొత్త గాదు. 1957లో మాయాబజార్ చిత్రమున నందమూరి తారక రామారావు శ్రీకృష్ణుడై కనబడిన పిమ్మట ఆ రూపము ఇంటింటి పటములకెక్కెను. తిరుమల యాత్ర ముగించుకొని మద్రాసు వెళ్లి, ఆయన ఇంటి ముందు దర్శనమునకై నిలిచిన బస్సుల కథ నాటి తరమువారందరికిని తెలిసినదే. 1977 జనవరి 14న ఆయన నిర్మించిన దానవీరశూరకర్ణ, కృష్ణ నటించిన కురుక్షేత్రము ఒకే దినమున విడుదలయ్యెను. సంక్రాంతి ముగ్గులు తొక్కుచు ఒక భారతమునకు ఒకరు, మరియొక భారతమునకు మరియొకరు పరుగెత్తిరి. ఒకే కథకు రెండు జయధ్వానములు లేచిన ఆ పండుగనాడు కథ ఎవరికి కావలెనో, నటుడు ఎవరికి కావలెనో వేరుచేసి చూచుట సులభమయ్యెను.

అట్టి ప్రేక్షకుడు నటుని నిజముగ దేవుడని నమ్మెనా? నమ్మలేదు. తెరపై నున్నది వేషమని వాడెరుగును. ఆ వేషగాని ఊరును, కులమును, వివాహమును, పారితోషికమును సైతము ఎరుగును. ఇచటనే సోమనాథుని బసవపురాణములోని రుద్రపశుపతి కథ జ్ఞప్తికి రాదగినది. ఆ ముగ్ధభక్తుడు పురాణము వినుచుండగా శివుడు హాలాహలము మ్రింగిన ఘట్టము వచ్చెను. అది ఎన్నడో జరిగిన కథ యని ఆతనికి తోచలేదు. ఆ క్షణముననే తన స్వామి కంఠమున విషమున్నదని తల్లడిల్లి, శివుడు దానిని ఉమిసిననే గాని తాను బ్రదుకనని నీట మునుగ సిద్ధపడెను. కథను నిజమనుకొన్న వానిని లోకము వెఱ్ఱివాడనును. సోమనాథుడు మాత్రము వానిని పరిహసింపక భక్తుల నడుమ కూర్చుండబెట్టెను.

కావున కల్పితమును చూచి కన్నీరు విడుచుట, మైమరచి కేక వేయుట అజ్ఞానమని తోసివేయుటకు వీలులేదు. అయినను రుద్రపశుపతికిని తొలినాటి అభిమానికిని నడుమ ఒక భేదమున్నది. పశుపతి మరచినది తననే. స్వామి బాధ తప్ప ఆతనికి వేరొకటి కానరాలేదు. అభిమాని నోట వచ్చు మాట "మావాడు" అనునది. మావాని చిత్రము ఎన్ని కేంద్రములలో ఆడెను, ఎన్ని కోట్లు తెచ్చెను, పొరుగువాని చిత్రమును ఎంత మించెను అను లెక్కలు వానికి కంఠస్థములు. ఆ కోట్లలో ఒక్క రూపాయియు వాని ఇంటికి రాదు. చిత్రము బాగున్నదా యని అడిగినచో, చూడకమునుపే చెప్పగలడు. కల్యాణమున అనుభవమంటపములో కూర్చున్నవారికి వినుట యెంతయో ప్రశ్నించుటయు అంత. అల్లమప్రభువు అధ్యక్షుడై యున్నను అడుగవలసినది అడిగిరి. తీర్పును ముందే జేబులో పెట్టుకొని వచ్చినవాడు ప్రేక్షకుడే కాడు. హారతి పట్టిన బొమ్మ ఏది యను తండ్రి ప్రశ్నకంటె, పట్టినవాడు తన బుద్ధిని ఎచట ఉంచి వచ్చెను అను ప్రశ్న మిక్కిలి పదునైనది.

వాని పక్షమున చెప్పవలసినదియు కలదు. బట్టల దుకాణమున దినమంతయు తానులు విప్పి మడచువాడు, వర్క్‌షాపులో నూనె చేతులతో నిలుచువాడు, ఏడాదిలో ఎన్నడును తన పేరు గౌరవముతో పిలువబడుట విని యెరుగడు. ఆ తెల్లవారుజామున వేయిమందితో కలిసి కేక వేసినప్పుడు వానికి తానొక పెద్దవాడనని తోచును. ఆ తోచుట అల్పమైనది కాదు. కుమారునికి కటౌటు క్రింద దొరకుచున్న ఆ గౌరవమును ఇంటిలో ఎవరైన ఎన్నడైన ఇచ్చిరా యని కోపించు తండ్రి ఒకసారి తన్ను తాను అడుగుకొనుట మంచిది. శరణుల నడుమ చాకలి మాచయ్య, అంబిగర చౌడయ్య తమ వృత్తి పేరుతోనే తలయెత్తుకొని నిలిచిరి. కాయకమునకు అంతటి మర్యాద నిచ్చిన సంప్రదాయములో పుట్టిన యువకుడు మర్యాదకొరకు వీధిలో వెదకుకొనుచున్నాడన్నచో, లోపము వాని ఒక్కనిదే కాదు.

పాలాభిషేకమును గూర్చి దీర్ఘముగ చెప్పనక్కరలేదు. రాతి పామునకు పాలు పోసి ప్రాణమున్న పామును కొట్టువారిని బసవేశ్వరుడు ఆక్షేపించుట లింగవంతుల పిల్లలకును తెలిసినదే. చెక్కకును గుడ్డకును పోసిన పాలు మురికికాలువలో కలియును. వాటిని అడిగిన నోరు అదే వీధి మలుపున ఉండును. ఇట్లనుటచే అభిమానులందరు నిర్దయులని కాదు. చిరంజీవి 1998లో స్థాపించిన రక్తనిధికి అభిమానులు ఏండ్ల తరబడి రక్తమిచ్చుచున్నారు. తార జన్మదినమున అన్నము పెట్టు సంఘములును ఉన్నవి. దాసోహమను పేరు వారు పెట్టకపోవచ్చును.

ధనము మాట వేరు. 2024 డిసెంబరులో పుష్ప రెండవ భాగము విడుదలయైనప్పుడు, ముందటి రాత్రి ప్రత్యేక ప్రదర్శనకు సాధారణపు టికెట్టుపై 800 రూపాయలు అధికముగ తీసికొనుటకు తెలంగాణ ప్రభుత్వము అనుమతించెను. నలుగురున్న కుటుంబమునకు ఇది నెల బియ్యముతో తూగును. ఇట్టి ఆటలకు బెనిఫిట్ షో అను పేరు నిలిచియున్నది. ధర్మకార్యమునకు ధనము కూర్చుటకై పుట్టిన పేరది. ఇప్పటి లాభము ఎవరిదో ఆ పేరు చెప్పదు. ఆయ్దక్కి మారయ్య నేల రాలిన బియ్యము ఏరుకొనుట కాయకముగ బ్రదికెను. ఒకనాడు అవసరమునకు మించి తెచ్చినప్పుడు భార్య లక్కమ్మ ఆ అధికమును తిరిగి పోసి రమ్మని పంపెను. లక్కమ్మ కొలబద్ద బియ్యమునకే గాక టికెట్టునకును పనికివచ్చును. ఇంటి అవసరములు తీర్చి, తన కష్టార్జితములో మిగిలినది ఇచ్చి చూచినవానిని తప్పుపట్టుటకు కారణము లేదు. తల్లి కొంగున ముడి విప్పించుకొనియో, వడ్డీకి తెచ్చియో చూచినవాడు ఇతరుల కాయకమును ఈలగ ఊదినవాడు. చిత్రమును నిర్మించిన దీపములవారు, కుట్టుపనివారు, గుంపులో నిలుచు చిన్న వేషగాండ్రు, థియేటరు ద్వారపాలకుడు అందరును కాయకజీవులే కదా యనవచ్చును. నిజమే. వారి కూలి మొదటి దినపు టికెట్టు ధరతో పెరుగుట లేదు.

అయితే వీరశైవుడు అన్నిటికంటె అధికముగ వెరవవలసినది పాలకును కాదు, ధనమునకును కాదు. తెలుగునాట అభిమానము పెక్కుచోట్ల కులపు గట్టుల వెంబడి పారుచున్నది. ఏ నటుని కటౌటు ఏ వీధిలో లేచునో ఆ వీధి కులమును బట్టి చెప్పగలవారు ప్రతి ఊరను ఉన్నారు. కళాశాల వసతిగృహములలో దీని పేరిట కొట్లాటలు జరుగుట వినబడుచుండును. చీకటి గల థియేటరు నిజమునకు గొప్ప సమానత గల తావు. నేల టికెట్టు నుండి బాల్కనీ వరకు ధనపు మెట్లుండినను, పక్కన కూర్చున్నవాని కులము నడుగు తెర ఏదియును లేదు. అందరు ఒకే చోట నవ్విరి, ఒకే చోట ఏడ్చిరి. ఆ చీకటిలోనికి కులమును వెంటబెట్టుకొని పోవుట క్రొత్త అపచారము. హరళయ్య కుమారునికి మధువరసు కుమార్తె నిచ్చి పెండ్లిచేసిన కారణమున 12వ శతాబ్దమున కల్యాణము రక్తసిక్తమయ్యెను. ఆ వివాహమును తలచుకొని గర్వపడు ఇంటి పిల్లవాడు, తార కులమును బట్టి ఈల వేయుట గాని, మానుట గాని చేసినచో, బొమ్మకు హారతి పట్టుటకంటె అది వేయిరెట్లు ధర్మమునకు దూరము. ఇంటి పెద్దలు హారతిని గద్దింతురు. కులపు మాట వినబడినప్పుడు మాత్రము పెక్కుమారులు చిరునవ్వు నవ్వుదురు.

గుంపు మాటయు చెప్పవలయును. 2024 డిసెంబరు 4వ తేది రాత్రి హైదరాబాదు ఆర్టీసీ చౌరస్తాలోని సంధ్య థియేటరు వద్ద తొక్కిసలాటలో ఒక తల్లి మరణించెను. ఆమె కుమారుడు తీవ్రముగ గాయపడి నెలల తరబడి ఆస్పత్రిలో ఉండెను. సినిమా పిచ్చి యని తీర్పు చెప్పుటకు లోకము ఆలస్యము చేయలేదు. కాని 2015 జులై 14న రాజమహేంద్రవరమున గోదావరి పుష్కరముల తొలినాడు 20 మందికి పైగా తొక్కిసలాటలో ప్రాణములు విడిచిరి. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శనపు టోకెన్ల వద్ద ఆరుగురు మరణించిరి. అచట చేరినది సినిమా పిచ్చి గలవారు కారు. తొలినాడే, తొలి ఘడియలోనే, అందరికంటె ముందే అను తొందర ఎచట చేరినను అదే పని చేయును. పుణ్యమునకు తొలినాడు ఎక్కువ, మరునాడు తక్కువ యని బసవేశ్వరుడు చెప్పలేదు. కరమున నున్న లింగమునకు వరుస లేదు, టోకెను లేదు. చిన్నపిల్లలను చంకనెత్తుకొని అర్ధరాత్రి ఆటకు పోవు తల్లిదండ్రులకు ఈ ఒక్క మాట ఖండితముగ చెప్పుటకు మఠములు వెనుకాడనక్కరలేదు. అదే మాట రథోత్సవపు నాడు మఠము వాకిటను చెప్పవలసియుండును.

జహీరాబాదు, నారాయణఖేడు ప్రాంతములలోని లింగాయతు కుటుంబములు బీదరుతో బాంధవ్యము గలవి. తెలుగు తారలతోబాటు కన్నడ తారలను వారెరుగుదురు. కన్నడిగుల అభిమాన నటుడు రాజ్‌కుమార్ కథానాయకుడుగా తెరపైకి వచ్చినది 1954 నాటి బేడర కన్నప్ప చిత్రముతో. అదే ఏట ఆయనే కన్నప్పగ కాళహస్తి మహాత్మ్యము తెలుగున వెలువడెను. బాపు దర్శకత్వమున కృష్ణంరాజు నటించిన భక్త కన్నప్ప 1976లోను, మంచు విష్ణు నటించిన కన్నప్ప 2025లోను వచ్చినవి. బసవపురాణములోని బోయవాడు డెబ్బది ఏండ్లుగ తొలినాటి జనమును పిలుచుచునే యున్నాడు. లింగము కంట రక్తము కారుచుండగా తన కన్ను పెకలించి ఇచ్చిన ఘట్టమున ఈలలు ఆగి, థియేటరు నిశ్శబ్దమగుట పాతతరమువారు చెప్పుదురు.

2006 ఏప్రిల్ 12న రాజ్‌కుమార్ మరణించెను. బెంగుళూరు వీధులలో అల్లర్లు చెలరేగి, వాహనములు కాలి, పలువురు ప్రాణములు కోల్పోయిరి. వారిలో ఒక పోలీసు కూడ ఉండెను. అభిమానము పేరుతోనే ఇదంతయు జరిగెను. ఆ మరణసమయముననే ఆయన కన్నులు దానమీయబడెను. 2021 అక్టోబరు 29న ఆయన కుమారుడు పునీత్ రాజ్‌కుమార్ అకాలముగ మరణించినప్పుడు ఆయన కన్నులతో నలుగురికి చూపు వచ్చెను. ఈసారి జనము బస్సులపై రాళ్లు వేయలేదు. నేత్రదానమునకు పేర్లు వ్రాయించుకొనుటకై కర్ణాటకమంతట వేలకొలది అభిమానులు ముందుకు వచ్చిరి. తొలి ఆటకు తెల్లవారుజామున వరుసలో నిలుచుట అలవాటైనవారు వారిలో ఎందరో ఉండిరి.