కూషు దేశపు భార్య

అమెరికా దక్షిణ భాగమున అలబామా అను ప్రత్తి పండు రాష్ట్రము కలదు. అచ్చటి రచయిత్రి హార్పర్ లీ 1960లో ‘టు కిల్ ఎ మాకింగ్‌బర్డ్’ అను నవలను ప్రచురించిరి. అందు ఒక తెల్ల పడుచు నల్లవాడైన టామ్ రాబిన్‌సన్‌ను తానే కోరి దరిచేరును. తండ్రి చూచును. అంతట నేరమంతయు టామ్ మీద మోపుదురు. నిర్దోషియని తేటపడినను జ్యూరీ అతనిని దోషి యనును. కడకు చెరసాల కాపలావారి తుపాకికి బలియగును. కట్టు మీరినది ఆమె, ప్రాణము పోయినది అతనికి.

అదే నవలలో డాల్ఫస్ రేమండ్ అను తెల్ల భూస్వామి నల్ల స్త్రీతో కాపురముండును. వారి పిల్లలను తెల్లవారు తమవారనరు, నల్లవారును తమవారనరు. ఆయన ఊరిలో త్రాగుబోతువలె నటించును. సంచిలోని సీసాలో నున్నది కోకాకోలా మాత్రమే! త్రాగుడు వలన చెడెనని చెప్పుకొనుటకు వీలైనచో ఊరివారికి మనశ్శాంతి.

ఈ పిల్లల సంగతి చదువునప్పుడు మన మెట్టపొలముల నడుమనున్న వినుకొండ జ్ఞాపకము రాక మానదు. 1895లో అచ్చట జన్మించిన గుఱ్ఱం జాషువ గారి తండ్రి యాదవుడు, తల్లి మాదిగ స్త్రీ, క్రైస్తవ కుటుంబము. ఆ వివాహము ఏ చట్టమునకును విరుద్ధము కాదు. అయినను దాని బాకీని కుమారుడు చెల్లించెను. అంటరానివాడని కొందరు, పురాణకథలు పద్యములుగా వ్రాసెనని మరికొందరు ఆయనను దూరముంచిరి. ఈ రెండవవారు మనవారే. మనుష్యునికి ప్రవేశము లేని గుడిలోనికి గబ్బిలము పోగలదని ఆయన 1941లో ఊరక వ్రాయలేదు.

నల్లవారికిని తెల్లవారికిని వివాహము కూడదను అమెరికా రాష్ట్రముల చట్టములను అచ్చటి సుప్రీంకోర్టు 1967లో కొట్టివేసెను. మనకు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము దారి తెరచియే యున్నది. మరి అడ్డమేమి? గుంటూరు వైపు లూథరను సంఘములలో మాలలు ఎక్కువ, ఒంగోలు వైపు బాప్తిస్టు సంఘములలో మాదిగలు ఎక్కువ. ఇరువురును ఒకే ప్రభువు పేరిట రొట్టె విరుతురు. సంబంధము మాట వచ్చినప్పుడు మాత్రము మొదట విచారించునది విశ్వాసమును గూర్చి కాదు.

మోషే కూషు దేశపు స్త్రీని పెండ్లాడెనని మిర్యాము, అహరోను సణిగిన సంగతి సంఖ్యాకాండము పండ్రెండవ అధ్యాయములో నున్నది. ఏడు దినములు పాళెము వెలుపల నుండవలసి వచ్చినది ఎవరు? ఆ పరదేశపు కోడలు కాదు, మిర్యాము. అయినను ఆమె తిరిగి చేర్చబడు వరకు జనులు ముందుకు సాగలేదు.

మాకింగ్‌బర్డ్ వెలువడిన 1960లోనే జాషువ గారి కుమార్తె హేమలత కులము వెలుపల లవణం గారిని వివాహమాడిరి. ఆమెను కోడలిగా చేర్చుకొన్నది గోరా గారి ఇల్లు, నాస్తికుల ఇల్లు.