'దయతో' అన్న మాట

అర్జీలు రాయడం మన ఆడవాళ్లకి కొత్తేం కాదు. రేషను కార్డుకీ, పిల్లల ఫీజు రాయితీకీ ఎన్ని రాయలేదు! ఎవరు నేర్పారో గాని, చివరికి వచ్చేసరికి "దయతో మంజూరు చేయ ప్రార్థన" అని చెయ్యి దానంతటదే రాసేస్తుంది. ఆ 'దయతో' మీద మా పిన్నికీ నాకూ ఆ మధ్య పెద్ద చర్చే జరిగింది.

బాబాయి ముప్ఫై రెండేళ్లు బడిపంతులుగా చేసి పోయారు. కుటుంబ పెన్షనుకి పిన్ని దరఖాస్తు పెడితే, 'పేరు సరిపోలలేదు' అని ఒక్క ముక్కలో తిప్పికొట్టారు. సర్వీసు పుస్తకంలో ఉన్నది పుట్టింటివాళ్లు పెట్టిన పేరు. ఆధార్‌లో ఉన్నది అత్తింటివాళ్లు మార్చిన పేరు. ఎప్పుడో పెళ్లిపీటల మీద మారిన పేరు ఇన్నేళ్లకి ఇలా అడ్డం పడుతుందని ఎవరికి తెలుసు? (మగవాళ్లకి ఈ బెడద లేదు సుమండీ!) రెండు పేర్లూ నావేనని చెప్పుకుందామంటే వినే నాథుడు లేడు.

"వాళ్లకి దయ రాలేదు, ఏం చేస్తాం" అని పిన్ని ఊరుకోబోయింది. నాకు ఒళ్లు మండింది. పెన్షను దయాధర్మం కాదని సుప్రీంకోర్టు 1971లోనే దేవకీనందన్ ప్రసాద్ కేసులో చెప్పింది. 1982 డిసెంబరు 17న నకారా కేసులో మరీ గట్టిగా చెప్పింది. 1979 మార్చి 31కి ముందు రిటైరైనవాళ్లకి ఒక లెక్కా, తరువాతివాళ్లకి ఒక లెక్కా కుదరదంది. అది చేసిన కొలువుకి రావలసిన సొమ్మేనంది. ఆ తేదీని పెన్షనర్లు ఇప్పటికీ తమ దినోత్సవంగా జరుపుకుంటారు.

హైకోర్టులో రిట్ వేశాం. తీర్పూ వచ్చింది. ఆ తిరస్కారం చెల్లదు, ఆవిడ చెప్పేది విని, కారణాలు రాసి, ఎనిమిది వారాల్లో మళ్లీ తేల్చండి అన్నారు.

పిన్ని మొహం చిన్నబోయింది. "ఇమ్మంటారనుకుంటే మళ్లీ వాళ్ల గుమ్మంలోకే పంపారేమిటే?"

నాకూ మొదట అలాగే అనిపించింది. కానీ ఇలాంటి వాటిల్లో జడ్జిగారు సాధారణంగా ఆఫీసరు కుర్చీలో కూర్చుని లెక్కలు కట్టరు. ఆఫీసరు రూలు ప్రకారం నడిచారా, ఎదుటి మనిషి మాట విన్నారా అని చూస్తారు. గుమ్మంలోకొచ్చి అడిగినవాడిని ఇవాళ లేదు పొమ్మంటే సంజాయిషీ ఇచ్చుకుంటామా? బాకీవాడితో అలా అనగలమా, మీరే చెప్పండి. లేదనడానికీ కారణం చూపించాలి. పిన్నికి కోర్టు ఇచ్చింది ఆ కారణం అడిగే వీలు. దాంతో మందులు రావు, నిజమే.

"అయితే దయ అక్కర్లేదంటావా?" అంది పిన్ని. "మొన్న ఆఫీసులో నిలబడలేకపోతుంటే బంట్రోతు అబ్బాయి స్టూలు తెచ్చి వేశాడు. అది ఏ రూల్లో ఉందే?"

నా దగ్గర జవాబు లేకపోయింది.

కొత్త దరఖాస్తు నేనే రాశాను. ఇంత వాదించినదాన్ని, అలవాటు చొప్పున 'దయతో' అని రాసి ఊరుకున్నాను. పిన్ని కళ్లజోడు పెట్టుకుని చదివి, కలం అందుకుని ఆ ఒక్క మాటా కొట్టేసింది.

"వాళ్లకి కోపం వస్తుందేమో పిన్నీ!" అన్నాను.

"స్టూలు వేసిన అబ్బాయికి విడిగా చెప్పుకుంటాలే. కొట్టివేతలు లేకుండా ఇంకో కాపీ రాయి" అంది.